ఫస్టు ర్యాంకూ, ఎదుటి జట్టూ

2023 అక్టోబరులో ముంబైలో ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుందని అక్కడే తేల్చారు. ఆ రోజు మన ఆఫీసుల్లో పని ఎంత జరిగి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. 1900 తర్వాత మళ్ళీ ఇదేనట, పతకం మనదేనట అని ఫోన్లు మోగిపోయాయి. నేను మాత్రం ఆ వార్త రెండో పేరాలో ఆగిపోయాను. క్రికెట్‌తో పాటు అక్కడే లోపలికొచ్చిన ఆటల్లో లాక్రోస్ ఒకటి.

"అదేం ఆట బావా?" అని మా బావమరిది హైదరాబాదు నుంచి అడిగాడు. పదిహేనేళ్ళ పైబడి మేరీలాండ్‌లో ఉంటున్నవాణ్ణి, ఆ మాత్రం చెప్పలేనా అని మొదలుపెట్టాను. నాలుగు ముక్కల్లో తేలాల్సింది నలభై నిమిషాలు పట్టింది. పాపం వాడు మధ్యలో ఎప్పుడు ఫోను పక్కన పెట్టేసి వెళ్ళాడో తెలీదు. మిగిలిందంతా ఇప్పుడు మీ ప్రాణానికి..

ముందు ఆట సంగతి. మామిడికాయలు కోసే చిక్కం చూశారు కదా, పొడుగాటి కర్ర, చివర వల. అలాంటిదాన్నే కాస్త చిన్నది చేసి, హెల్మెట్లు పెట్టుకున్న ఇరవై మంది కుర్రాళ్ళ చేతికిచ్చి, మధ్యలో గట్టి రబ్బరు బంతి పడేస్తే అదే లాక్రోస్. జట్టుకి పదిమంది. గోలీ తప్ప ఎవరూ బంతిని చేత్తో ముట్టుకోకూడదు. వలలో పట్టాలి, వలతోనే విసరాలి, ఆరడుగుల పొడుగూ ఆరడుగుల వెడల్పూ ఉన్న గోల్‌లో వెయ్యాలి. ఎదుటివాడి కర్ర మీద కర్రతో కొట్టి బంతి పడగొట్టడం తప్పు కాదు, అది ఆటలో భాగమే. మొదటిసారి చూసినప్పుడు హాకీకీ కబడ్డీకీ పెళ్ళి చేసినట్టు అనిపించింది నాకు.

మేరీలాండ్ రాష్ట్రంలో కాలేజీ లాక్రోస్ అంటే ముందుగా వినపడేవి రెండు పేర్లు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్, వాషింగ్టన్ పక్కన కాలేజ్ పార్క్‌లో మేరీలాండ్ యూనివర్సిటీ. ట్రాఫిక్ లేకపోతే ఒకచోటి నుంచి ఇంకోచోటికి గంట లోపే. మొదటిది ప్రైవేటుది, చిన్నది, వైద్యానికి పేరున్నది. రెండోది రాష్ట్ర ప్రభుత్వానిది, పెద్దది. 1895 నుంచి ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆడుతున్నాయి. మా ఆఫీసులో రెండింటిలో చదివినవాళ్ళూ ఉన్నారు. మిగతా ఏడాదంతా కలిసి లంచ్‌కి వెళ్ళేవాళ్ళు, ఏప్రిల్ వచ్చేసరికి వేరే టేబుళ్ళ దగ్గర కూర్చుంటారు. నన్ను ఈ పిచ్చిలోకి లాగింది వాళ్ళే.

సరే, ర్యాంకుల దగ్గరికి వద్దాం. ర్యాంకు అంటే ఏమిటో మన తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు, మూడు.. అని టీవీలో గొంతు చించుకునే ప్రకటనల మధ్య పెరిగిన జాతి మనది. ఇక్కడి కాలేజీ ఆటల్లోనూ అంతే, ప్రతి సోమవారం ఎవరు ఎన్నో ర్యాంకో జాబితా వస్తుంది. ఫస్టు ర్యాంకు జట్టు ఆ శనివారం ఎవరితో ఆడుతుందన్నదే ఆ వారం వార్త.

లాక్రోస్‌లో 1970 దాకా దేశ విజేత ఎవరో మ్యాచి పెట్టి తేల్చేవాళ్ళు కాదు. సీజన్ అయ్యాక కాలేజీల సంఘం ఫలానా జట్టు గొప్పది అని నిర్ణయించేది. 1970లో ఎటూ తేలక హాప్కిన్స్, నేవీ, వర్జీనియా.. ముగ్గురికీ కలిపి పంచేశారు. ఇలా లాభం లేదని 1971 నుంచి ఎన్‌సీఏఏ టోర్నమెంటు మొదలైంది. పేపర్ మీద ఎవరు గొప్పైనా చివర్లో గడ్డి మీదకొచ్చి రుజువు చేసుకోవాలన్నమాట. మొదటి ఏడాది ఫైనల్లో మేరీలాండ్ కార్నెల్ చేతిలో 12-6తో ఓడిపోయింది.

ఇక 1973. నేను చెప్పాలనుకున్న కథ అసలు ఇదే.

ఆ ఏడాది మేరీలాండ్‌కి ఎదురులేదు. కోచ్ బడ్ బియర్డ్‌మోర్. జట్టులో ఫ్రాంక్ ఉర్సో అని మొదటి సంవత్సరం కుర్రాడు, తర్వాత ఆ కాలేజీ చరిత్రలోనే గొప్పవాళ్ళలో ఒకడయ్యాడు. సీజన్ మధ్యలో హాప్కిన్స్‌ని 17-4తో ఉతికేశారు. నాలుగు గోల్స్ ఇచ్చి పదిహేడు వేశారు. అలాంటి స్కోరు తర్వాత ఓడినవాళ్ళు మొహం ఎలా పెట్టుకుని తిరుగుతారో ఊహించుకోండి. అదీ గంట దూరంలో ఉన్నవాళ్ళ చేతిలో.

కానీ టోర్నమెంటులో రెండు జట్లూ గెలుస్తూ వచ్చి ఫిలడెల్ఫియాలో ఫైనల్లో మళ్ళీ ఎదురుపడ్డాయి.

హాప్కిన్స్ కోచ్ బాబ్ స్కాట్. 1955 నుంచి అక్కడే ఉన్నాడు. ఆయన దగ్గర కొత్త ఆటగాళ్ళు లేరు. కొన్ని వారాల్లో పదమూడు గోల్స్ తేడా పూడ్చేంతగా ఏ జట్టూ బాగుపడదు. అందుకని హాప్కిన్స్ ఆటని నెమ్మది చేసేసింది. బంతి దొరికితే గోల్ మీదకి పరిగెత్తకుండా తమ కర్రల్లోనే తిప్పుకుంటూ కూర్చున్నారు. అప్పట్లో షాట్ క్లాక్ లేదు. ఎంతసేపు పట్టుకున్నా అడిగే నాథుడు లేడు. (80 సెకన్ల గడియారం 2019 సీజన్లో గానీ రాలేదు.)

ఇందులో తెలివేమిటో మన బుర్రలకి తొందరగానే ఎక్కుతుంది. ఒక నాణెం ఉందనుకోండి, వంద సార్లు వేస్తే అరవై సార్లు బొమ్మే పడుతుంది. బొమ్మ బలమైన జట్టు. పదిహేను సార్లు వేసి ఎవరివి ఎక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు అని పందెం కడితే, బొమ్మ వందకి 79 సార్లు గెలుస్తుంది. అదే పందెం మూడు సార్లకి కుదిస్తే 65 సార్లే. బలహీనుడికి బలం పెరగలేదు, ప్రయత్నాల సంఖ్య తగ్గిందంతే. హాప్కిన్స్ చేసింది అదే. ఈ లెక్క వాళ్ళు కాగితం మీద వేసుకున్నారని నేననడం లేదు. దెబ్బ తిన్నవాడికి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది కదా, అక్కడ కట్టు కట్టుకుని వచ్చారు.

17-4తో ఓడిన జట్టు ఫైనల్ని 9-9 దగ్గర నిలబెట్టింది. అదనపు సమయం, అదీ చాలక ఇంకో అదనపు సమయం. చివరికి ఆ కుర్రాడు ఉర్సోనే గోల్ కొట్టాడు. మేరీలాండ్ 10-9తో గెలిచి, ఒక్క మ్యాచీ ఓడకుండా సీజన్ ముగించింది.

హాప్కిన్స్ ఓడిపోయిందిగా, ఇంతోటి దానికి కథెందుకు అంటారా? నేనైతే ఇలా అనుకుంటాను. మేరీలాండ్ ఆ ఏడాది ఎంత గొప్పదో 17-4 చెప్పదు. 10-9 చెబుతుంది. తన గుట్టంతా తెలిసినవాడు, తనని ఆపడానికే తయారై ఎదురొస్తే, నచ్చని ఆటలోకి లాగితే, అక్కడ కూడా తట్టుకుని నిలబడింది. ఫస్టు ర్యాంకుకి ముద్ర పడింది అక్కడ. ఆ ముద్ర వేసినవాళ్ళు మాత్రం ఓడినవాళ్ళే.

మరుసటి ఏడాది, 1974లో, ఫైనల్లో మళ్ళీ ఈ ఇద్దరే. ఈసారి హాప్కిన్స్ 17-12తో గెలిచింది. బాబ్ స్కాట్ ఆ కప్పుతోనే కోచింగ్ వదిలేశాడు. 1975లో కప్పు మళ్ళీ మేరీలాండ్‌కి. మూడేళ్ళలో మూడు కప్పులూ ఆ గంట దూరంలోనే తిరిగాయి.

తమాషా ఏమిటంటే, ఇంత జరుగుతున్నా ఈ రెండు జట్లూ ఒకే కాన్ఫరెన్సులో లేవు. కాన్ఫరెన్సు అంటే కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న సంఘం. తమలో తాము ఆడుకుంటారు, టీవీ డబ్బులు పంచుకుంటారు. మేరీలాండ్ 1953 నుంచి ఏసీసీలో ఉండేది. హాప్కిన్స్ లాక్రోస్‌లో ఎవరితోనూ కలవకుండా స్వతంత్రంగా ఉండేది. ఆ కాలేజీ మిగతా ఆటలన్నీ మూడో డివిజన్‌లో ఆడుతుంది, లాక్రోస్ ఒక్కటే మొదటి డివిజన్‌లో. మాకు సంఘాలెందుకు, మాతో ఆడాలని వాళ్ళే వస్తారు అన్న ధీమా. 1972 నుంచి 2012 దాకా వరసగా 41 ఏళ్ళు టోర్నమెంటులో ఉంటే ఎవరికైనా ఆ ధీమా ఉంటుంది.

2013లో అది తెగింది. హాప్కిన్స్‌కి టోర్నమెంటులో చోటు రాలేదు. కాన్ఫరెన్సు విజేతలకి నేరుగా ప్రవేశం ఉంటుంది, సంఘం లేనివాడు ఎంపిక కమిటీ దయ మీద ఆధారపడాలి. అదే ఏడాది హాప్కిన్స్ లాక్రోస్ వరకు బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించింది. అటు మేరీలాండ్ కథ ఇంకోటి. డబ్బుల్లేక 2012లో ఏడు ఆటల జట్లని ఎత్తేసింది. ఎక్కువ టీవీ ఆదాయం కోసం ఏసీసీ వదిలి 2014లో బిగ్ టెన్‌లోకి మారింది. వదిలినందుకు 3 కోట్ల 10 లక్షల డాలర్ల పైచిలుకు వదులుకోవాల్సి వచ్చింది. (బాండ్ కట్టి కంపెనీ మారినవాళ్ళకి ఈ నొప్పి తెలుసు. పేరుకి బిగ్ టెన్ గానీ 2024కల్లా సభ్యులు పద్దెనిమిది మంది. ఇండెక్సింగ్‌లో ఎక్కడో తేడా కొట్టింది.)

అలా 1895లో మొదలైన వైరం 2015 సీజన్‌కి గానీ కాగితం మీద కాన్ఫరెన్సు వైరం కాలేదు. అప్పటినుంచి గెలిచినవాళ్ళకి చెక్కతో చేసిన పెద్ద పీత ఇస్తున్నారు. పీతలు మేరీలాండ్ తీరానికి ప్రాణం. మనకేమో పీత అనగానే ఆ పాత జోకు గుర్తొస్తుంది: మూత లేని బుట్టలో పీతలు, ఒకటి పైకెక్కబోతే మిగతావి కిందకి లాగేస్తాయి అని. ఈ రెండు జట్లనీ చూశాక నాకు ఆ జోకు మీద నమ్మకం పోయింది. ఇక్కడ ఒకదాన్ని పట్టుకునే రెండోది పైకెక్కింది. మేరీలాండ్ 2022లో ఆడిన 18 మ్యాచీలూ గెలిచి కప్పు కొట్టింది. అంతకు ముందు ఏడాది కూడా ఓటమి లేకుండా వెళ్ళి ఫైనల్లో వర్జీనియా చేతిలో 17-16తో, ఒక్క గోల్‌తో, ఓడిన జట్టది. ఆ ఓటమి లేకపోతే ఆ 18 ఉండేవా అని నా అనుమానం.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఎదుటివాడే మనల్ని నిలబెడతాడు, నీతి కథ అయిపోయింది, చప్పట్లు. కానీ చరిత్ర చదువుతూ పోతే ఇంకో ప్రశ్న ఎదురొస్తుంది. అసలు ఎదుటివాణ్ణి నిలబడనిచ్చారా?

ఇదే రాష్ట్రంలో అన్నాపోలిస్‌లో నేవీ అకాడమీ ఉంది. లాక్రోస్‌లో ఎప్పుడూ గట్టి జట్టే. 1941 ఏప్రిల్‌లో వాళ్ళతో ఆడటానికి హార్వర్డ్ జట్టు వచ్చింది. అందులో లూసియన్ అలెక్సిస్ జూనియర్ అని ఒక నల్లజాతి విద్యార్థి ఉన్నాడు. నల్లవాడున్న జట్టుతో మేం ఆడం అంది నేవీ. హార్వర్డ్ క్రీడల డైరెక్టర్ విలియం బింగ్‌హామ్ అలెక్సిస్‌ని ఇంటికి పంపెయ్యమన్నాడు. అలెక్సిస్ రైలెక్కాడు. మర్నాడు నేవీ 12-0తో గెలిచింది. హార్వర్డ్ విద్యార్థులు గొడవ చేశాక, ఇకమీద జాతి పేరుతో తమ ఆటగాళ్ళని పక్కన పెట్టేది లేదని యూనివర్సిటీ చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకే వెస్ట్ పాయింట్‌లో ఆర్మీ మీద అలెక్సిస్ ఆడాడు. ఆకాశం ఏమీ ఊడిపడలేదు. రికార్డు పుస్తకాల్లో ఆ 12-0 మామూలు విజయంలాగే ఉంటుంది. పక్కన రైలెక్కినవాడి పేరు ఉండదు.

బాల్టిమోర్‌లోనే మోర్గాన్ స్టేట్ అని నల్లజాతి వాళ్ళ కోసం పుట్టిన యూనివర్సిటీ ఉంది. 1970ల మొదట్లో చిప్ సిల్వర్‌మన్ అనే ఆయన అక్కడ లాక్రోస్ జట్టు కట్టాడు. డబ్బుల్లేవు, పేరు లేదు, వీళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. 1975 మార్చిలో వీళ్ళు వర్జీనియాలో వాషింగ్టన్ అండ్ లీ యూనివర్సిటీతో ఆడారు. అప్పటికి అది దేశంలో ఫస్టు ర్యాంకు జట్టు. ఆ పేరులో లీ ఎవరో కాదు, బానిసత్వం ఉంచాలని పోరాడిన దక్షిణాది సైన్యానికి జనరల్. సమాధి ఆ క్యాంపస్‌లోనే ఉంది. అక్కడ మోర్గాన్ స్టేట్ 8-7తో గెలిచింది. ఆ జట్టు 1981లో మూతపడింది. అలాంటి జట్లు ఇంకో పది ఉండి ఉంటే ఆ సోమవారం జాబితాలు ఎలా ఉండేవో!

అంతకన్నా ముందు, అసలు ఆట ఎవరిది? ఇది హోడెనొషోనీల ఆట. బయటివాళ్ళు ఇరాక్వాయ్ అన్న ఆరు తెగల సమాఖ్య అది. వాళ్ళకిది సృష్టికర్త ఇచ్చిన ఆట, జబ్బు నయం చేసే ఆట. 1867లో జార్జ్ బియర్స్ అనే మాంట్రియల్ పళ్ళ డాక్టరు దీనికి రూల్స్ రాశాడు. పదమూడేళ్ళు తిరక్కుండా, 1880లో, కెనడా లాక్రోస్ సంఘం ఆదివాసీ జట్లని పోటీల నుంచి బయట పెట్టింది. డబ్బులు తీసుకుని ఆడుతున్నారని సాకు. ఇంటివాణ్ణి గెంటేసి ఇంట్లో పోటీలు పెట్టుకున్నారు.

నూరేళ్ళ తర్వాత 1983లో వాళ్ళు తమ సొంత జాతీయ జట్టు కట్టుకున్నారు. 2010లో ప్రపంచ పోటీలు ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌లో. అప్పటికి వాళ్ళది ప్రపంచంలో నాలుగో ర్యాంకు. వాళ్ళు ప్రయాణం చేసేది సొంత సమాఖ్య పాస్‌పోర్టు మీద, అమెరికా పాస్‌పోర్టు మీద కాదు. జట్టు న్యూయార్క్‌లో ఇరుక్కుపోయింది. ఈ ఒక్కసారికి పంపిస్తాం అని అమెరికా విదేశాంగ శాఖ దిగొచ్చినా, బ్రిటన్ మాత్రం రానివ్వలేదు. అమెరికా పాస్‌పోర్టులు తీసుకుంటే మర్నాడే విమానం ఎక్కొచ్చు. వాళ్ళు తీసుకోలేదు. పోటీలు వాళ్ళు లేకుండానే జరిగాయి. వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్ బయట ఫైలు పట్టుకుని నిలబడిన మనకి ఆ కుర్రాళ్ళ బాధ సగమైనా అర్థం కావాలి. మిగతా సగం, నీ దేశమే లేదని చెప్పించుకోవడం, మనకి తెలీదు. తర్వాత 2014లో వాళ్ళు ప్రపంచ పోటీల్లో మూడో స్థానం తెచ్చుకున్నారు. 2018లోనూ, 2023లోనూ అదే. ముంబై సమావేశం అయ్యాక వాళ్ళు అడిగిందీ ఒకటే, మా జెండా కింద ఒలింపిక్స్‌లో ఆడనివ్వండి అని. 2023 డిసెంబరులో బైడెన్ వాళ్ళకి మద్దతు పలికారు.

ఆ ముంబై వార్త దగ్గర నేనెందుకు ఆగిపోయానో ఇప్పుడు చెప్తాను. లాక్రోస్‌తో దీనికి సంబంధం లేదనిపిస్తే క్షమించండి.

ఇంటర్ రెండో సంవత్సరం. విజయవాడ దగ్గర ఒక హాస్టలు కాలేజీ, పేరెందుకు లెండి. ప్రతి ఆదివారం పరీక్ష, మంగళవారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు. మా సెక్షన్లో వాడు ఒకటి, నేను రెండు. ఏ వారం చూసినా అంతే. వాడు లెక్కల్లో ఎక్కడ దెబ్బ కొడతాడో కనిపెట్టి నేను అక్కడే కూర్చునేవాణ్ణి. నేను కెమిస్ట్రీలో ఎక్కడ ముందున్నానో వాడు కనిపెట్టేవాడు. రాత్రి స్టడీ అవర్‌లో వాడి లైటు ఆరిందో లేదో చూసుకుని గానీ నేను పుస్తకం మూసేవాణ్ణి కాదు. మా ఇద్దరికీ స్నేహం ఉందని చెప్పలేను. పట్టుమని పది మాటలు కూడా మాట్లాడుకోలేదు.

డిసెంబరులో రెండో టర్మ్ ఫీజు కట్టలేకపోయారు వాళ్ళింట్లో. వాళ్ళ నాన్న వచ్చి ఆఫీసు గదిలో అరగంట నిలబడ్డాడు. మధ్యాహ్నానికి వాడు ఇనప్పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి మంగళవారం బోర్డు మీద మొదటి పేరు నాది. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి ఇంటికి చెప్పాను. మా నాన్నగారు కాలనీ అంతా చెప్పుకున్నారు.

ఆ వారం నా మార్కులు ముందు వారం కంటే 11 తక్కువ. ర్యాంకు చూసిన వాళ్ళెవరూ అది చూడలేదు. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత పరీక్షల దాకా ఆ మార్కులు మళ్ళీ పైకి లేవలేదు కూడా. ఎంసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది, ఉద్యోగమొచ్చింది, ఇక్కడికొచ్చాను. వాడి కోసం ఆర్కుట్‌లో వెతికాను, తర్వాత ఫేస్‌బుక్‌లో వెతికాను. దొరకలేదు.

అందుకే ఫస్టు ర్యాంకు జట్టు శనివారం మ్యాచికి తయారవుతోంది అని వార్త చదివినప్పుడల్లా నా కళ్ళు ముందు ఎదుటి జట్టు పేరు వెతుకుతాయి. హాప్కిన్స్‌కి 17-4 తర్వాత ఇంకో అవకాశం వచ్చింది. అలెక్సిస్‌కి ఆ రోజు రాలేదు. మాంచెస్టర్‌కి వెళ్ళలేకపోయిన కుర్రాళ్ళకి ఆ ఏడాది రాలేదు. మా సెక్షన్లో వాడు ఉండి ఉంటే నేనెప్పటికైనా ఫస్టు వచ్చేవాణ్ణో లేదో. అది తేల్చుకునే అవకాశం నాక్కూడా ఆ డిసెంబరుతోనే పోయింది.